బావగారికి కోటు

భోజనానికి ఇంకో గంట ఉందనగా ఆవిడ మంచం మీద బట్టలు పరుచుకుని వాటి ముందు కూర్చుంది. బూడిద రంగు పట్టుచీర ఒకటి, నేరేడుపండు రంగు చీర ఒకటి, ఆ రెండింటికీ నడుమ మగవాళ్లు వేసుకునే ముదురు నీలం కోటు. కోటు ఆవిడ భర్తది కాదు. భోజనాల బల్ల దగ్గర రోజూ ఎదురుగా కూర్చునే పళ్ల డాక్టరుగారిది. ఆవిడ భర్త వేసుకోవడానికని మధ్యాహ్నం పంపించాడు. భర్త వేసుకోడు, వేసుకోవడానికి ఆయన లేడు, పోయి ఏడాది కావస్తోంది. ఈ సంగతి ఇంత పెద్ద ఓడలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. మిగతా వాళ్ల లెక్కలో ఆయన ఇదే గదిలో, ఆ రెండో మంచం మీద, సముద్రం పడక పడుకుని ఉన్నాడు. పొద్దున్నే ఓడవాళ్లు తలుపు కింద నుంచి ఒక చీటీ తోశారు. ఈ సాయంత్రం భోజనానికి అందరూ వేడుకకు తగ్గ బట్టల్లో రావాలట, మగవాళ్లు కోటు వేసుకుంటే సంతోషమట. ఎవరి సంతోషమో రాయలేదు. అగ్గిపెట్టంత గది, గోడకి బిగించిన బల్ల, అద్దం, సరిగ్గా మూత పడని సొరుగు, గుండ్రటి కిటికీ అవతల నీళ్లు. మొదటి రోజు ఆ నీళ్లను చూసి నోరు తెరిచింది, ఇప్పుడు తెర వేసే ఉంచుతోంది. నేల కింద ఎక్కడో ఇంజను గుయ్యిమంటూనే ఉంటుంది. ఇంట్లో ఆయన గాలిపరుపుకి గాలి కొట్టే చిన్న మిషను కూడా ఇలాగే మూలిగేది. అది ఆగితే చాలు ఆవిడకి మెలకువ వచ్చేసేది, కరెంటు పోయిందేమో, పరుపు దిగిపోయిందేమో, వీపు చెక్కకి ఆనుకుందేమో అని. ఆయన పోయాక ఆ చప్పుడు లేక నిద్ర పట్టలేదు. ఇక్కడ చప్పుడుంది కదా, పట్టాలి మరి. ఇక్కడా పట్టడం లేదు.

అసలీ ప్రయాణం ఆవిడ కోరుకున్నది కాదు, ఆడపడుచు ఆలోచన. వదినా, అద్దంలో మొహం చూసుకున్నావా, తోటకూర కాడలా వాడిపోయావు, నాలుగు రోజులు గాలి మారితే గానీ మనిషివి కావు అని వెంటపడి, ఇద్దరికీ కలిపి టిక్కెట్లు తీసుకుంది. పెట్టె కూడా ఆడపడుచే సర్దింది. తీరా బయల్దేరబోయే ముందు స్నానాల గదిలో జారి చీలమండ బెణికించుకుని, నా కోసం ఆగావంటే నా మీద ఒట్టే అని మంచం మీద నుంచే సాగనంపింది. మంచాన పడ్డ మనిషిని వదిలి గడప దాటడం ఆవిడకి అదే మొదలు. ఆటోలో కూర్చున్నాక కూడా చెవులు వెనక్కే ఉన్నాయి, ఎవరో పిలుస్తారని. అలా ఇద్దరి లెక్కన రాసిన గదిలోకి ఒక్కతే వచ్చింది, ఇద్దరి లెక్కన వేసిన కుర్చీల దగ్గరికి ఒక్కతే వెళ్లింది. ఓడలో భోజనాల బల్ల మారదు, ఎక్కిన రోజు ఎవరి పక్కన కూర్చోబెడితే దిగేదాకా వాళ్ల పక్కనే. ఆవిడ బల్ల దగ్గర పళ్ల డాక్టరు, ఆయన భార్య, గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడు. డాక్టరు అప్పటికే ఏదో వేళాకోళం మొదలుపెట్టాడు. మాట మధ్యలో పెద్దాయనని, మీరొక్కరే వచ్చారా అని అడిగాడు. మా ఆవిడ పోయిందండీ, అందుకని ఒక్కణ్ణే అన్నాడు పెద్దాయన, అని సూపు ఊదుకోవడం మొదలుపెట్టాడు. అంతే. బల్ల బల్లంతా గొంతు తగ్గించేసింది. డాక్టరు సగం చెప్పిన వేళాకోళాన్ని మింగేశాడు. ఆయన భార్య రొట్టెల బుట్టని పెద్దాయన వైపు జరిపింది, రోగికి జరిపినట్టు. ఆ తరవాత ఆ మనిషితో ఎవరూ సరదాగా ఒక్క మాట ఆడలేదు. ఉప్పు అందించినా మెల్లగా అందించారు. పాపం పెద్దాయన తెల్లబోయి సూపులోకే చూస్తూ కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు వడ్డించే అతను ఆవిడ పక్క కుర్చీని వెనక్కి లాగి పట్టుకుని, ఇంకొకరు రావాలి కదండీ అన్నాడు.

"పడుకున్నారండీ," అంది ఆవిడ.

అబద్ధం ఆడదామని ఆడలేదు. ఇంటికి ఎవరు ఫోను చేసినా, ఎవరు తలుపు తట్టినా, గ్యాసు బండ తెచ్చినతను సంతకం అడిగినా ఏళ్ల తరబడి ఆవిడ చెప్పిన మాట అదొక్కటే. పడుకున్నారండీ. పక్షవాతం వచ్చిన మనిషి పడుకోక ఏం చేస్తాడు. అంతకు ముందు ఆవిడకి కళ్లాసుపత్రిలో ముందు బల్ల దగ్గర ఉద్యోగం. లోపల డాక్టరు కాళ్లు చాపుకుని టీ తాగుతుంటే, బయట కళ్లకి గంతలు కట్టుకున్న వాళ్లతో, ఆపరేషన్లో ఉన్నారండీ, కాసేపు కూర్చోండి అని చెప్పడానికే జీతం. ఎంత నమ్మకంగా చెప్పేదంటే ఒకసారి టీ తెచ్చిన మనిషి కూడా ఆపరేషను అయ్యేదాకా బయటే నిలబడ్డాడు, టీ చల్లారిపోయింది. ఆలోచిస్తే జీవితమంతా ఇదే కొలువు. తలుపు అవతల ఒక మగవాడు ఉంటాడు, ఆయన ఇప్పుడు రాలేడని తలుపు ఇవతల నిలబడి చెప్పాలి. కాబట్టి నోరు దాని పని అది చేసుకుపోయింది. ఆవిడ నాలుక కరుచుకునే లోపే డాక్టరు భార్య, అయ్యో సముద్రం పడలేదేమో అంది. డాక్టరు, కొత్తలో అంతే చెల్లెమ్మా, రెండు రోజుల్లో బావగారే మనందర్నీ డెక్కు మీద పరిగెత్తిస్తారు చూడండి అన్నాడు. మనిషి మొహం చూడకుండానే వరస కలిపేశాడు. ఆ వరసలో ఆవిడ ప్రాణం ఎక్కడో కాస్త కుదుటపడింది, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజే డాక్టరు కట్టుడు పళ్లు మార్చేసుకున్న అన్నదమ్ముల కథ చెప్పాడు. ఒకడి పళ్లు ఒకడు పెట్టుకుని తిరుగుతూ, నీ పళ్లు నా మాట వినడం లేదంటే నీ పళ్లు నా మాట వినడం లేదని ఆయన ముందే కొట్టుకున్నారట. ఆవిడ నవ్వింది. మంచినీళ్లు ముక్కులోకి పోయేదాకా నవ్వింది. భర్త గదిలో పడుకుని ఉన్న ఆడది నవ్వొచ్చు. భర్త పోయిన ఆడది నవ్వితే పక్కవాళ్లు ముందు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు, తరవాత నవ్వుతారు. ఆ చూసుకోవడం చాలు, నోట్లో నవ్వు పుల్లగా అయిపోవడానికి.

మర్నాడు బావగారి గురించి అడిగారు, చెప్పింది. ఏం చెప్పాలో తెలియక చెప్పడం మొదలుపెట్టింది గానీ, చెబుతున్నకొద్దీ ఎక్కడ దాక్కున్నాయో ఏమో వరసగా వచ్చాయి. ఆయన సర్వేయరు. ఎవరింటికి వెళ్లినా కాఫీ ఇచ్చే లోపే గది పొడవూ వెడల్పూ అడుగులేసి కొలిచేవాడు, కొలిచి, మీ హాలు ఈ మూల తప్పిందండీ అని గృహస్థుకి చెప్పి మరీ వచ్చేవాడు. గడ్డం గీసుకుంటూ ఈల వేసేవాడు, కోసుకునేవాడు, కోసుకున్నాక కూడా ఈల ఆపేవాడు కాదు. ఒకసారి బూట్ల కొట్టువాడు, మీ పాదం రాజుగారి పాదమండీ అన్నాడని ఒక సైజు చిన్నవి కొనుక్కుని, ఇంటికొచ్చాక అవి ఊడక, సబ్బునీళ్లు పోసినా ఊడక, రాత్రంతా బూట్లతోనే పడుకున్నాడు. పొద్దున్నే పక్కింటాయన కత్తిపీట పట్టుకొస్తే, బూట్లు కోస్తావా కాళ్లు కోస్తావా ముందే చెప్పు అని మంచం ఎక్కి కూర్చున్నాడు. డాక్టరు బల్ల గుద్దుకుంటూ నవ్వాడు. గడియారాల పెద్దాయన కూడా నవ్వాడు. నిజానికి ఆ బూట్ల సంగతి ఆవిడే మరిచిపోయింది. జబ్బు చేసిన ఏళ్లు ముందు ఏళ్ల మీదకెక్కి కూర్చుని, ఈల వేసిన మనిషిని కనపడనివ్వలేదు. ఆయన అనగానే కళ్ల ముందుకొచ్చేది వంకర తిరిగిన మూతీ, బిగుసుకుపోయిన ఎడమ పిడికిలీ, అన్నం తినిపించాక గడ్డం కింద తుడిచే గుడ్డా. ఆ బల్ల దగ్గర మాత్రం ఆయన లేచి తిరిగాడు. ఆవిడ మళ్లీ ఆయన మీద మనసు పడింది, ఈ వయసులో, పోయిన మొగుడి మీద. నవ్వుకుంటూ గదికొచ్చేది. తలుపు తీస్తే ఖాళీ మంచం.

మరి ఈ అలుపు ఎప్పుడు మొదలైంది. పళ్లేల దగ్గర మొదలైంది అనుకుంటా, ఆ పళ్లేల దగ్గరే. మనమిక్కడ ఇన్ని తింటూ ఆయన్ని ఉపవాసం పెడతామా అని డాక్టరు భార్య ఒక పళ్లెంలో అన్నీ పెట్టించి, మూత వేయించి చేతికిచ్చింది. వద్దనడానికి కారణం ఏముంది. ఆ పళ్లెం పట్టుకుని లిఫ్టులో నిలబడి, తివాసీ పరిచిన పొడుగాటి నడవలో ఒక చేత్తో గోడ పట్టుకుంటూ గదికి తెచ్చింది. పారబోయడానికి చెయ్యి రాలేదు. కడుపు నిండుగా ఉన్నా మంచం అంచున కూర్చుని మొత్తం తినేసింది. ఆయన మిగిల్చింది ఏళ్ల తరబడి తిన్న అలవాటే కదా, ఇప్పుడు అసలు ముట్టనిది కూడా తింటోంది, అంతే తేడా. డాక్టరు భార్య వదిలే మనిషి కాదు. ఇవాళ ఏమన్నా తిన్నారా, నీళ్లు తాగుతున్నారా, సుఖ విరేచనం అవుతోందా. కాస్త జావ తాగారండీ అని జవాబు చెప్పింది ఒకరోజు, ఏ జావో, ఎవరు కాచారో. చెప్పేటప్పుడు ఆ జావ వాసన కూడా తెలిసింది. భోజనాలయ్యాక పాటలు పాడేవాళ్లు వచ్చారు, హాలు నిండా దీపాలు, ఆవిడకి పాటలంటే చెవి కోసుకునేంత ఇష్టం, ఆసుపత్రి కొలువులో ఉన్నప్పుడు బల్ల సొరుగులో చిన్న రేడియో దాచుకుని వినేది. రెండో పాట సగంలో కాళ్లు వాటంతట అవే లేచాయి. ఆయనొక్కరే ఉన్నారండీ, వెళ్తాను అంది. ఎవరూ వెళ్లమనలేదు. మంచి ఇల్లాలు అలాగే వెళ్తుంది కాబట్టి వెళ్లింది. ఎప్పుడైనా తొంగిచూసి పోతానని డాక్టరు భార్య అన్న దగ్గరనుంచీ రెండో మంచం మీద దుప్పటి నలపడం కూడా నెత్తిన పడింది. గది సర్దే ఆమె రోజూ సాపు చేస్తుంది, ఈవిడ రోజూ నలుపుతుంది. ఆమె ఏమనుకుంటోందో గానీ అడగలేదు. నిన్న సాయంత్రం అలా నలుపుతూ నలుపుతూ, ఒక దిండు తీసి మంచం మధ్యకి, మోకాలు ఉండే చోటికి, జాగ్రత్తగా ఒత్తిపెట్టి, చెయ్యి తీయబోతూ ఆగిపోయింది. లేని మనిషి మోకాలి కింద దిండు పెట్టింది. మళ్లీ చాకిరీలో పడిపోయింది. ఒక మాట తన చేత నాలుగు పూటలు నవ్వించి, పట్టుకొచ్చి మళ్లీ అదే మంచం పక్కన కూలేసింది. ఏడవాలనిపించింది, ఓపిక లేక ఏడవలేదు.

నిన్ననే ఈ కోటు ఊసు వచ్చింది. రేపు అందరం తయారయ్యే రోజు, బావగారు రాకపోతే ఊరుకోనన్నాడు డాక్టరు. ఆయనకి కోటు లేదండీ అంది ఆవిడ, తలుపుకి గొళ్లెం వేసేశానని సంబరపడుతూ. ఓస్ అంతేనా, నా దగ్గర రెండున్నాయి అన్నాడు డాక్టరు. లేచి నడవలేరండీ అంది. ఓడలో చక్రాల కుర్చీ ఉంది, నేను అడిగి తెస్తాను అంది ఆయన భార్య. ఎక్కువసేపు కూర్చోలేరండీ అంది. కాసేపే, ఫొటో దిగి పంపించేద్దాం అన్నారు ఇద్దరూ. టై నేనిస్తాను అన్నాడు గడియారాల పెద్దాయన, పాపం ఎంతో హుషారుగా, ఆ బల్ల దగ్గర ఆయన్ని ఒకరు కలుపుకోవడం అదే మొదలు. ఆ మొహం చూశాక ఆవిడ సరేనని తల ఊపింది. మంచి మనుషులు. వీళ్లే కాస్త చెడ్డవాళ్లయి ఉంటే ఎంత సుఖంగా ఉండేది. ఇంకో అబద్ధం లేకపోలేదు. జ్వరం వచ్చిందనొచ్చు. అప్పుడు ఓడ డాక్టర్ని పిలుస్తారు. నిద్రమాత్ర వేసుకున్నారనొచ్చు. అప్పుడు రేపు ఉంటుంది, ఎల్లుండి ఉంటుంది, దిగే రోజు మెట్ల దగ్గర ఆయన్ని దింపడానికి వీళ్లు ముగ్గురూ నిలబడి ఉంటారు.

కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది. ముదురు నీలం ఆయనకి నప్పుతుంది. భుజాల దగ్గర కాస్త వదులవుతుంది, జబ్బులో బాగా చిక్కిపోయాడు. ముందు ఎడం చెయ్యి ఎక్కించాలి, పడిపోయిన చెయ్యి ముందు, మంచి చెయ్యి తరవాత, తిప్పి తొడిగితే భుజం లాగుతుంది, మూలుగుతాడు. కోటు మందంగా ఉంది, వెనక్కి తిరిగి రాదు. వెనక వీపు మీద నిలువుగా కోస్తే తప్ప, అనుకుని, బల్ల మీద కత్తెర కోసం చూడబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చొక్కాలన్నీ అలాగే కోసింది. కాలరు కింద నుంచి అంచు దాకా వీపు మధ్యలో కోసి, రెండు పక్కలా మడిచి కుట్టి, ముందు నుంచి తొడిగి వెనక పక్కకి సర్దేస్తే మనిషిని ఎత్తక్కర్లేదు. ముందు నుంచి చూస్తే నిక్షేపంలాంటి చొక్కా, గుండీలతో సహా. చూడ్డానికొచ్చిన వాళ్లు, భలే తయారు చేస్తావమ్మా ఆయన్ని అనేవాళ్లు. పెళ్లినాటి చొక్కా కూడా కోసింది, ఏం చేస్తుంది, మెత్తటి గుడ్డ. ఆయన పోయిన రోజు మగవాళ్లు స్నానం చేయించి బీరువా తెరిచి ఒక్కో చొక్కా విప్పారు. అన్నిటికీ వీపు లేదు. ఇంట్లో ఆయన ఒంటి మీదకి పనికొచ్చే నిండు చొక్కా ఒక్కటి లేదు. వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం ఆవిడ చూసింది. నువ్వు కూర్చో వదినా, మేం చూసుకుంటాం అంది ఆడపడుచు. ఎవరో పరిగెత్తి కొట్టుకెళ్లి కొత్త చొక్కా తెచ్చారు, తెల్లది, మెడ దగ్గర పెద్దది. ఇన్నేళ్లూ రోజుకి రెండుసార్లు తొడిగిన ఆవిడ చేత ఆ ఒక్కసారి తొడిగించలేదు. కొత్త చొక్కా మడతల్లో గుండుసూదులుంటాయి, కాలరు వెనక ఒకటి, చేతి మడతలో ఒకటి. అన్నీ తీశారో లేదో. అడగలేదు. అడిగితే పిచ్చిదనుకుంటారని అడగలేదు. ఇప్పటికీ ఒక్కోసారి ఒళ్లు జలదరించి లేచి కూర్చుంటుంది, ఆ సూది గుర్తొచ్చి.

ఆ రోజు ఇంకో పని కూడా తన చేత చేయించలేదు. ఆయన పోయాడని ఎవరికీ ఆవిడ చెప్పలేదు. చెప్పనివ్వలేదు. ఫోన్లన్నీ ఆడపడుచే చేసింది. వీధి వీధంతా అప్పటికే తెలిసిపోయింది. ఆసుపత్రి వాళ్లకి ఎవరో చెప్పారు, పాలవాడికి ఎవరో చెప్పారు. ఆవిడ ఎదురుపడిన ప్రతి మనిషీ ముందే తెలుసుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు. అందుకని ఆ వాక్యం ఆవిడ నోట ఇంతవరకూ రాలేదు. ఒకసారైనా పలికి చూసి ఉంటే ఆ మొదటి రోజు వడ్డించే అతనికి అదే వచ్చేదేమో. ఇప్పుడు పలికి చూద్దామని అద్దం ముందు నిలబడింది. కాలం చేశారు. ఎవరో పెద్ద పండితుడి గురించి చెప్పినట్టుంది. కన్నుమూశారు. పేపర్లో వేసినట్టుంది. పోయారు అంటే ఎటు పోయారని అడుగుతారు. దాటిపోయారు అనేది వాళ్లమ్మ. చనిపోయారు. అది గరుగ్గా, ఉన్నదున్నట్టు ఉంది. చనిపోయారు. పైకి అనలేదు, పెదాలతో అనుకుంది. అంటే ఏమవుతుందో తెలుసు. ఆ బల్ల గొంతు తగ్గించేస్తుంది. రొట్టెల బుట్ట ఇటు జరుగుతుంది. ఉప్పు మెల్లగా వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఈల వేసుకుంటూ గడ్డం గీసుకుంటున్న మనిషి, మంచమెక్కి కత్తిపీటని చూసి కేకలేస్తున్న మనిషి, వాళ్ల ముగ్గురి బావగారు, బతికున్నవాడు, ఈ పూటతో పోతాడు. మొదటిసారి ఆయన్ని జబ్బు తీసుకుపోయింది. ఈసారి తన నోటితో తనే పంపించాలి. అంత కష్టం తనకెందుకు, ఎవరు రమ్మన్నారు తనని ఈ ఓడ మీదకి.

బూడిద రంగు చీర ఆడపడుచు పెట్టింది. ఇది నీకు బాగుంటుంది వదినా అంది. ఇది నీకు ఇప్పుడు బాగుంటుంది అనలేదు గానీ ఆ ఇప్పుడు అనే మాట చీర మడతల్లోనే ఉంది. చెడ్డ చీర కాదు. ఒంటి మీద వేసుకుంటే మనిషి గోడలో కలిసిపోతుంది. నేరేడు రంగుది మాత్రం ఆవిడే, ఆడపడుచు అటు తిరిగినప్పుడు, పెట్టె అడుక్కి తోసింది. ఆయన మంచంలో ఉన్నప్పుడు మేనకోడలి పెళ్లికని కొనుక్కుంది. ఆ పెళ్లికి వెళ్లడం పడలేదు, ఆయన్ని చూస్తానన్న మనిషి చివరి నిమిషంలో రాలేదు. అప్పటినుంచీ బీరువాలో మడత విప్పకుండా ఉంది, మడతల గీతలు కాస్త తెల్లబడ్డాయి కూడా. చీర కట్టుకుని కాదు గానీ అప్పుడప్పుడూ బీరువా తలుపు తీసి చూసుకునేది. మొదటి చీర కట్టుకుంటే చెప్పకుండానే చెప్పినట్టు. వాళ్లే అర్థం చేసుకుంటారు, వాళ్లే ఒకళ్ల చెవిలో ఒకళ్లు చెప్పుకుంటారు, మళ్లీ తన పని వేరేవాళ్లు చేస్తారు. రెండోది కట్టుకుంటే, బావగారు పడుకునే ఉంటారు, ఈ నాటకం సాగుతుంది. అలా అనుకుంటూ చాలాసేపు కూర్చుంది. కూర్చున్నదల్లా పక్కకి ఒరిగి, నలిపిన మంచం మీద, ఆయన కోసం పెట్టిన దిండు మీద తల పెట్టింది. వీపు మంచానికి తగలగానే ఎక్కడెక్కడి నొప్పులూ లేచాయి. మనిషిని పక్కకి తిప్పి తిప్పి పట్టేసిన నడుం, గిన్నె పట్టుకుని పట్టుకుని వంగిపోయిన మణికట్టు. ఈ నొప్పులు ఆయనతో పోతాయనుకుంది. ఆయన పోయిన రాత్రి, అందరూ ఏడుస్తుండగా, తనకి ఏడుపు కన్నా ముందు, ఇక ఈ రాత్రి లేవక్కర్లేదు అన్న మాట తోచింది. ఎవరికీ చెప్పని మాట. సిగ్గుతో చచ్చిపోయింది, అయినా తోచింది, తోచినప్పుడు హాయిగానే ఉంది. లేవక్కర్లేదు. మరి ఇప్పుడెందుకు లేస్తోంది. ఎవరు పిలుస్తున్నారని. నిజం చెప్పాలన్న పుణ్యబుద్ధేమీ ఆవిడకి పుట్టలేదు. ఇంకో పళ్లెం మోయలేదు, ఇంకో దుప్పటి నలపలేదు, ఇంకొకరి కోసం ఇంకో పాట మధ్యలో లేవలేదు. ఒళ్లు ఇక రానంటోంది. అంతే.

లేచి మొహం కడుక్కుంది. నేరేడు రంగు చీర మడత విప్పితే బీరువా వాసన గుప్పుమంది. అప్పటి జాకెట్టు ఇప్పుడు వదులు, రెండు పక్కలా పిన్నులు పెట్టి బిగించుకుంది. కుచ్చిళ్లు మొదటిసారి కుదరలేదు, విప్పి మళ్లీ పోసుకుంది. కోటు మడత పెట్టింది, పెద్దాయన పంపిన టై దాని జేబులోనే పెట్టింది. రెండో మంచం మీద దిండు తీసి యథాస్థానంలో పెట్టి, దుప్పటి లాగి సాపు చేసింది. అద్దంలో చూసుకుంటే చీర ఒకటే కనిపిస్తోంది, మొహం అలిసిపోయి దాని వెనక ఎక్కడో ఉంది. ఫరవాలేదు అనుకుంది. అప్పుడే తలుపు తట్టారు.

పళ్ల డాక్టరు నల్లకోటులో మెరిసిపోతున్నాడు. ఆయన భార్య మెడ నిండా ముత్యాలేసుకుంది. వాళ్లిద్దరికీ ముందు, ఖాళీగా, సీటు మీద మెత్తటి తువాలు పరిచి, చక్రాల కుర్చీ. ఆ తువాలు డాక్టరు భార్య సొంతంగా వేసి ఉంటుంది.  ఏరండీ మా బావగారు, తయారయ్యారా అన్నాడు డాక్టరు, నడవంతా వినపడేలా.

"మా ఆయన చనిపోయారండీ," అంది ఆవిడ. "ఓడ ఎక్కక ముందే, చాలా నెలల కిందటే. గదిలో ఎవరూ లేరు."

కళ్లాసుపత్రి బల్ల దగ్గర మాట్లాడిన గొంతే వచ్చింది, స్పష్టంగా, మర్యాదగా. డాక్టరు ఆవిడ భుజం మీద నుంచి గదిలోకి చూశాడు. సాపు చేసిన మంచం, దాని మీద మడత పెట్టిన తన కోటు. కుర్చీ పిడి మీద చేతులు అలాగే ఉండిపోయాయి. ఆయన భార్య చెయ్యి నోటి మీదకి వెళ్లింది. అయ్యో, అంది, ఆవిడ భయపడిన ఆ తగ్గించిన గొంతుతోనే, అయ్యో, మరి మాతో.  నేనెవరికీ చెప్పలేదండీ, ఇదే మొదలు, చెప్పడం చేతకాలేదు అంది ఆవిడ. కోపం వస్తే రానీ అనుకుంది. రావాల్సిందే కదా.  డాక్టరు, ఇంకేమీ తోచనట్టు, ఒక మాట అడిగాడు.

"ఆ బూట్ల సంగతి?"

"అది నిజమేనండీ. ఆయన గురించి చెప్పినవన్నీ నిజాలే. పడుకున్నారన్నది ఒక్కటే కాదు."

 చెప్పేసి ఆవిడ గుమ్మం పట్టుకోబోయింది, చేతికి గుమ్మం అందలేదు, కుర్చీ చెయ్యి అందింది. పట్టుకుని అందులోనే కూర్చుండిపోయింది. వెంటనే లేవాలనుకుంది. పరాయివాళ్ల ముందు, అందులోనూ ఇలాంటి మాట చెప్పి, ఇలాంటి కుర్చీలో. లేవడం అయ్యే పని కాదని నడుం చెప్పింది. తువాలు మెత్తగా ఉంది. ఎన్నేళ్లయిందో ఒకరు పరిచిన దాని మీద కూర్చుని. కన్నీళ్లు వాటంతట అవే వచ్చాయి, పెద్దగా కాదు, ఊరికే కారాయి, ఆవిడ తుడుచుకోలేదు. నడవలేనండీ, ఆకలి మాత్రం వేస్తోంది అంది. డాక్టరు తన భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన బ్రేకు తీసి, కుర్చీని మెల్లగా నడవలోకి తిప్పి తోయడం మొదలుపెట్టాడు. తివాసీ మీద చక్రాలు చప్పుడు చేయలేదు.  ఆయన భార్య పక్కన నడుస్తూ ముక్కు తుడుచుకుంది, ఒకసారి ఆవిడ వైపు చూసింది, మళ్లీ కిందకి చూసి చటుక్కున వంగింది.

"ఆ చెంగు పైకి లాక్కో తల్లీ, చక్రంలో పడుతుంది. ఇంత మంచి చీర," అంది, రోజూ భోజనాల బల్ల దగ్గర కసిరే మామూలు గొంతుతో.

ఆవిడ చెంగు ఒళ్లోకి లాక్కుంది.